ఎజ్జోడికీ ఆస్పత్రికీ మధ్య: మన్యం కొండల్లో సంస్కృతి ఆరోగ్యాన్ని ఎలా నడిపిస్తోంది?

క్లుప్తంగా: కొండ గ్రామాల్లో పూజలూ నాటువైద్యమూ చూసే మనిషిని ఎజ్జోడు అంటారు. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండ గ్రామాల ఆరోగ్యం చర్చకు వస్తే సంస్కృతిని రెండు మాటల్లో తేల్చేస్తుంటారు. ఒకరు మూఢనమ్మకం అంటారు, ఇంకొకరు ఆకువైద్యం అంటారు. నిజానికి ఈ రెండింటికంటే గట్టిగా పనిచేసేవి తిండి, తోడు, భాష, భూమి మీద చెల్లుబాటయ్యే మాట. ఒకే ఆచారం ఒకచోట ప్రాణం నిలబెడుతుంది, పరిస్థితి మారితే ప్రాణం తీస్తుంది. ఎక్కడ ఏది జరుగుతోందో విడదీసి చూసే ప్రయత్నం ఇది.

ఒకే వారంలో రెండు వార్తలు

ఏటా ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం వస్తుంది. పార్వతీపురం, సీతంపేటల్లో డప్పులు మోగుతాయి. గిరిజన సంస్కృతి ఎంత గొప్పదో వేదికల మీద చెప్తారు. అవి వానాకాలం రోజులు కాబట్టి దాదాపు అదే సమయంలో జిల్లా పేజీలో ఒక డోలీ ఫొటో కూడా పడుతుంది. కర్రకు దుప్పటి కట్టి, అందులో గర్భిణిని పడుకోబెట్టి, నలుగురు మనుషులు వాగు దాటిస్తుంటారు. ఆ వార్త కింద ఎవరో ఒకరు నాటువైద్యాన్ని నమ్ముకుని ఆలస్యం చేశారని రాస్తారు. ఒక పేజీలో గర్వకారణమైన సంస్కృతి, పక్క పేజీలో రోగానికి కారణమైపోతుంది. చదివేవాళ్లకు అయోమయం కలగడం సహజం.

అంకెలు మాత్రం తేలిగ్గా తీసుకునేవి కావు. గిరిజన ఆరోగ్యంపై డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గిరిజనులు 8.6 శాతం. మలేరియా కేసుల్లో వీళ్ల వాటా సుమారు 30 శాతం, మలేరియా మరణాల్లో దాదాపు సగం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, పుట్టిన ప్రతి వెయ్యి మందిలో అయిదేళ్లు నిండకుండా పోయే పిల్లలు గిరిజనుల్లో 57 మంది. దళిత, గిరిజన, వెనుకబడిన కులాలకు చెందని ఇతరుల్లో ఆ సంఖ్య 39. ఈ తేడాకు సంస్కృతే కారణమా, లేక సంస్కృతి లేకపోతే ఈ తేడా ఇంకా పెరిగేదా? జవాబు ఒకే వైపు లేదు.

ఎవరి గురించి, ఎక్కడ

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక కొండ మండలాల్లో ఎక్కువ భాగం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు) రెండూ ఇప్పుడు ఆ జిల్లాలోనే ఉన్నాయి. అంతమాత్రాన మిగిలిన రెండు జిల్లాల్లో ఆదివాసీలు లేకుండా పోలేదు. శ్రీకాకుళంలో మందస, మెళియాపుట్టి వైపు సవర గూడలు (చిన్న పల్లెలు) ఉన్నాయి. విజయనగరంలో శృంగవరపుకోట, గంట్యాడ, మెంటాడ వైపు కొండల మీద గిరిజన గ్రామాలున్నాయి. వీటిలో చాలావరకు షెడ్యూల్డు ప్రాంతంలో లేనివి. కొండ ఒకటే, మనుషులు ఒకటే అయినా షెడ్యూల్డు ప్రాంత చట్టాల రక్షణ మాత్రం వీళ్లకు అందదు. ఆరోగ్యం మాటకొచ్చినా ఈ తేడా చిన్నది కాదు.

ఇక్కడి తెగల్లో సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు ముఖ్యులు. సవర భాష ముండా కుటుంబానికి చెందింది. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. జాతాపుల మూలం ఖోండులతో కలుస్తుంది, వాళ్లలో చాలామంది ఇప్పుడు తెలుగే మాట్లాడతారు. కొండ సవరలను కేంద్రం ప్రత్యేకంగా బలహీన గిరిజన సమూహాల జాబితాలో పెట్టింది. కాబట్టి ‘గిరిజన సంస్కృతి’ అని ఏకవచనంలో అనడమే సగం తప్పు.

ఆరోగ్యం అన్న మాటకు హద్దు ఎక్కడ

ఆస్పత్రి లెక్కలో జబ్బు ఒంట్లో ఉంటుంది. కొండ మీద లెక్క వేరు. ఒక ఇంట్లో జ్వరం వస్తే ముందు వచ్చే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ఎవరితో గొడవ పడ్డారు, ఏ మొక్కు మిగిలిపోయింది, చనిపోయిన పెద్దకు ఏం లోటు చేశారు? ఇది ఇక్కడి వింత కాదు. ఆస్ట్రేలియా ఆదిమవాసుల కోసం 1989లో తయారైన జాతీయ ఆరోగ్య వ్యూహం, ఆరోగ్యం అంటే ఒక మనిషి ఒళ్లు బాగుండటం మాత్రమే కాదనీ, ఆ సమాజమంతా సామాజికంగా, మానసికంగా, సాంస్కృతికంగా బాగుండటమనీ నిర్వచించింది. న్యూజిలాండ్‌లో మావోరీ వైద్యుడు మేసన్ డ్యూరీ 1980లలో ఆరోగ్యాన్ని నాలుగు గోడల ఇంటితో పోల్చాడు. శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ అనే గోడల్లో ఏ ఒక్కటి బీటవారినా ఇల్లు నిలవదు. ఐక్యరాజ్యసమితి 2007 సెప్టెంబరులో చేసిన ఆదివాసీ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం సంప్రదాయ వైద్యాన్నీ, ఆధునిక వైద్యాన్నీ రెండింటినీ హక్కుగా చెప్పింది. భారత్ ఆ ప్రకటనకు అనుకూలంగా ఓటు వేసింది.

ఒకటి వదులుకుంటేనే రెండోది దక్కుతుందనే షరతు ఆ అధికరణంలో లేదు. మన చర్చల్లో మాత్రం ఆ షరతు ఎప్పుడూ ఉంటుంది.

తిండి: పోడు చేను నుంచి రేషన్ బియ్యం దాకా

సంస్కృతి ఆరోగ్యం మీద ఎలా పనిచేస్తుందో అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది కంచంలో. కొండపోడులో ఒకే చేనులో సామ, కొర్ర, చోడి (రాగి), జొన్న, కంది కలిపి చల్లుతారు. గట్ల మీదికి చిక్కుడు, గుమ్మడి పాకిస్తారు. అన్నీ ఒకేసారి పండవు. వానలు తగ్గుముఖం పట్టకముందే సామ చేతికొస్తుంది, కంది అన్నిటికంటే చివరన వస్తుంది. ఒక పంట పోయినా ఇంకొకటి నిలబడుతుంది. ఆకలి రోజులను ముక్కలుగా కోసి, ఏ ముక్కా మరీ పొడుగు కాకుండా చూసుకునే ఏర్పాటు ఇది. పోషకాల సంగతి చూస్తే, 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములు ఉంటే గొప్ప.

ఈ ఏర్పాటును కాపలా కాసేది కొత్తల పండగ. కంది కొత్తలైనా, మామిడి కొత్తలైనా ఊరంతా కలిసి దేవతకు పెట్టాకే కొత్త పంట నోట పెట్టాలి. అంతవరకూ ఎవరూ ముట్టకూడదు. బయటివాళ్లకు ఇది నమ్మకంలా కనిపిస్తుంది. లోపల దాని పని వేరు. పంట పూర్తిగా ముదిరేదాకా చేయి ఆగుతుంది, విత్తనానికి గింజ మిగులుతుంది, ఉన్నవాడు ముందే తినేసి లేనివాడు చూస్తూ కూర్చునే పరిస్థితి రాదు. ఒక్క పండగ మూడు పనులు చేస్తోంది.

మామిడి టెంకను చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఎండాకాలంలో పళ్లు తిన్నాక టెంకలు పారేయరు. పెరట్లో ఎండబెట్టి, రాయి మీద పగలగొట్టి, లోపలి జీడి తీస్తారు. అది పచ్చిగా తింటే గొంతు పట్టేసేంత వగరు. అందుకని వెదురు బుట్టలో పోసి వాగులో పారే నీళ్లలో ఉంచుతారు. రోజులు గడిచేకొద్దీ వగరు నీళ్లతో పోతుంది. తర్వాత దంచి, మళ్లీ ఎండబెట్టి, పిండి చేసి దాచుకుంటారు. వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు ఆ పిండితో అంబలి కాస్తారు. పారే నీరు, గట్టి ఎండ, పొడిగా ఉండే అటక కలిస్తేనే అది తిండి.

మూడింటిలో ఏది లేకపోయినా ఏమవుతుందో 2001లో పక్కనే ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్‌లో తెలిసింది. బూజు పట్టిన టెంక పిండి అంబలి తాగి 20 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో చర్చ రెండుగా చీలింది. టెంక తినడం వాళ్ల అలవాటని ఒక వాదన, ఆకలి చావులని ఇంకో వాదన. రెండు వాదనలూ పక్కపక్కనే నిజం కావచ్చన్నది ఆ గొడవలో మరుగున పడింది. అలవాటు పాతదే. తిండి లేక తడిసిన టెంకలనే తినాల్సి రావడం మాత్రం అలవాటు కాదు.

ఇటువైపు కొండల్లో కంచం మారిన తీరు నెమ్మదిగా సాగింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చాక తెల్లన్నం కొండెక్కింది. అది ఆకలిని తగ్గించిందన్న సంగతిలో అనుమానం అక్కర్లేదు. అదే సమయంలో చోడి, సామ దంచే శ్రమ ఎందుకన్న ప్రశ్న కూడా వచ్చింది. పోడు నేలల్లోకి జీడిమామిడి తోటలు వచ్చాయి. జీడి చెట్టు ఏడాదికి ఒకసారి డబ్బు తెస్తుంది. దాని నీడలో మాత్రం కందీ సామా ఎదగవు. చేతికి డబ్బు వచ్చి, కంచంలో రకాలు తగ్గాయి. అడవి తరిగి, పోడు నేలకు విశ్రాంతి ఇచ్చే ఏళ్లు తగ్గడంతో దిగుబడీ పడింది. కాబట్టి ‘పాత తిండికి తిరిగి వెళ్లండి’ అని చెప్పడం తేలికే గానీ, వెళ్లడానికి ఆ పాత చేను ఉండాలి.

పాత జీవనం తిరిగి దొరికితే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో చూశారు. కెరిన్ ఓడీ అనే పరిశోధకురాలు మధుమేహం ఉన్న పదిమంది ఆదిమవాసులతో ఒక ప్రయోగం చేసి 1984లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లు ఏడు వారాలు పట్టణం వదిలి తమ సంప్రదాయ ప్రాంతంలో వేటాడుకుంటూ, దుంపలు తవ్వుకుంటూ బతికారు. సగటున 8 కిలోలు తగ్గారు. రక్తంలో చక్కెర బాగా అదుపులోకి వచ్చింది. పదిమందితో చేసిన చిన్న ప్రయోగం, కాలం కూడా తక్కువే. అయినా అందులో ఒక సంగతి గమనించాలి. మారింది తిండి ఒక్కటే కాదు, తిండి కోసం తిరిగిన తిరుగుడూ మారింది. చోడి పిండి ప్యాకెట్‌గా వచ్చినప్పుడు రెండోది రాదు.

రాష్ట్రంలో 2023 మార్చి 21 నుంచి బడి పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. ఆ ఏడాదే అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కూడా. చోడి అంబలి తాగడం నామోషీ అనుకునే స్థితి నుంచి బడి అదే జావను గ్లాసులో పోసి ఇచ్చే స్థితికి రావడం మంచి మలుపే. ఆ రాగులు ఏ కొండ నుంచి కొంటున్నారన్న దాన్ని బట్టి దాని ఫలితం పిల్లల దాకానే ఆగుతుందా, చేను దాకా వెళ్తుందా అన్నది తేలుతుంది.

తోడు: జబ్బు ఒక్కరిది కాని చోట

సవరల మతం గురించి వెరియర్ ఎల్విన్ 1950లలో, పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుంచి విస్తారంగా రాశారు. వాళ్లు పనిచేసింది ఎక్కువగా సరిహద్దుకు అవతల, ఒడిశా వైపు కొండల్లో. సవరల ఆలోచనలో చనిపోయినవాళ్లు ‘సోనుమ్’ అవుతారు. బతికున్నవాళ్లకు జబ్బు రావడమంటే చాలాసార్లు ఆ పోయినవాళ్లు పట్టుకోవడమే. అప్పుడు పూనకం వచ్చే పూజారి, ఎక్కువగా ఒక స్త్రీ, మధ్యలో కూర్చుంటుంది. ఆమె నోట పోయినవాళ్లు ఒక్కొక్కరే మాట్లాడతారు. చుట్టూ ఉన్న బంధువులు వాళ్లతో వాదిస్తారు, ఏడుస్తారు, నవ్వుతారు, అప్పుల లెక్కలూ పొలం తగాదాలూ అక్కడే తేల్చుకుంటారు. ఇది ఒక్క రోజుతో అయిపోదు, ఏళ్ల తరబడి సాగుతుంది. పోయిన మనిషి మాటల్లో కోపం తగ్గుతూ వస్తుంది, చివరికి కాపాడే పెద్దగా మారతాడు.

ఇందులో మందు లేదు. జ్వరానికి కారణమైన క్రిమి మీద దీని ప్రభావమూ లేదు. కానీ దుఃఖం విషయంలో ఇది చేసే పని చిన్నది కాదు. చెప్పుకోలేని మాటకు చోటు దొరుకుతుంది, ఊరంతా సాక్షిగా ఉంటుంది, తొందరపెట్టేవాళ్లు ఉండరు. పట్నంలో పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి మామూలుగా ఉండమంటారు. సవరల పద్ధతి బెంగ తీరడానికి ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు ఇస్తుంది. ఒడిశా సవరల్లో చాలామంది బాప్టిస్టు క్రైస్తవంలోకి మారాక ఈ సంభాషణలు తగ్గిపోయాయని విటెబ్‌స్కీ రాశాడు. దుఃఖాన్ని మోసే పని ఇప్పుడు ప్రార్థన చేస్తోంది.

ప్రసవం దగ్గర ఈ తోడు ఇంకో రూపంలో కనిపిస్తుంది. గూడలో కాన్పు అంటే మంత్రసాని, తల్లి, అత్త, ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ ఉంటారు. నొప్పులు పడే మనిషి కూర్చుంటుంది, నడుస్తుంది, తాడు పట్టుకుని ఒంగుతుంది. ఆస్పత్రిలో ఆమెను ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్లి బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు. చుట్టూ ఆమె భాష తెలియని నర్సులు, తెలిసిన మొహం ఒక్కటీ లేదు. కొండ మీది ఆడవాళ్లు ఆస్పత్రి కాన్పుకు భయపడటానికి ఇదొక పెద్ద కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రసవాలపై ఇచ్చిన సిఫార్సుల్లో రెండు అంశాలున్నాయి. తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండనివ్వాలి, తనకు వీలైన భంగిమలో కాన్పు కానివ్వాలి. మంత్రసాని ఇంట్లో ఈ రెండూ ముందునుంచే ఉన్నాయి. అక్కడ లేనివి రక్తస్రావం ఆపే ఇంజెక్షన్, ఆపరేషన్ గది, శుభ్రమైన పరికరాలు. తల్లులు చనిపోతున్నది ఇవి లేకే.

సాలూరులో ఐటీడీఏ నడిపిన గిరిశిఖర గర్భిణుల వసతి గృహం ఈ రెండు లోకాల మధ్య వంతెన వేసే ప్రయత్నం. రోడ్డు లేని కొండ గ్రామాల గర్భిణులను నెలలు నిండకముందే కిందికి తెచ్చి, కాన్పు దాకా తోటి గర్భిణులతో కలిపి ఉంచుతారు. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టే అవసరం తప్పుతుంది. అదే కాలంలో, 2018లో, గిరిజన ప్రాంతాలకు ఫీడర్ అంబులెన్సుల పేరుతో బైక్ అంబులెన్సులు కూడా వచ్చాయి. ఇవి ఎంతవరకు నిలుస్తాయన్నది ఒక చిన్న ప్రశ్న మీద ఆధారపడుతుంది: ఆమె కిందికి దిగితే ఇంట్లో మిగతా పిల్లల్నీ మేకల్నీ ఎవరు చూస్తారు? దానికి జవాబు లేని చోట మంచాలు ఖాళీగానే ఉంటాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. డోలీ సంస్కృతి కాదు, రోడ్డు లేకపోవడం. ఆ కర్రను భుజానికెత్తుకుని కూలి అడగకుండా కొండ దిగే నలుగురు మనుషులున్నారే, సంస్కృతి అంటే వాళ్లు. రోడ్డు వేయాల్సినవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి చూడటం అన్యాయం.

భాష: రెండు సంతల జ్వరం

‘జ్వరం ఎన్నాళ్ల నుంచి?’ అన్న ప్రశ్నకు ‘రెండు సంతల నుంచి’ అన్న జవాబు వస్తే, వారపు సంత గురించి తెలిసిన డాక్టరుకు అది వారం దాటిన జ్వరమని అర్థమవుతుంది. తెలియని డాక్టరు కాగితం మీద ఏదో ఒకటి రాస్తాడు. ఫాల్సిపేరం మలేరియాలో ఆ తేడా చిన్నది కాదు, రోజుల వ్యవధిలో అది మెదడుకు ఎక్కగలదు. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. జ్వరం మూడో రోజే తగ్గిపోతే మిగతా మాత్రలు ఎందుకో రోగి భాషలో చెప్పేవాళ్లు లేకపోతే అవి చూరులోనే ఉండిపోతాయి. అప్పుడు జ్వరం మళ్లీ వస్తుంది, ఆస్పత్రి మందు పనిచేయలేదన్న మాట ఊళ్లో పాకుతుంది, తర్వాతిసారి ముందు ఎజ్జోడి దగ్గరికే వెళ్తారు. మూఢనమ్మకం ఖాతాలో రాసేవాటిలో కొన్ని ఇలా సగంలో ఆగిన మాటల వల్ల జరిగేవే.

ఈ సంగతి వందేళ్ల కిందటే ఒక తెలుగు మాస్టారు గుర్తించాడు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర నేర్చుకున్నాడు. 1930లలో సవర వ్యాకరణం, నిఘంటువు వెలువరించాడు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాడు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సవరకు ఆయన చేసిన పని ఆ రోజు అంతగా గుర్తుకు రాదు. 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్య కార్యక్రమంలో సవర, కువి సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు తయారయ్యాయి. అదే పని ఆస్పత్రి చీటీల మీద, మందుల కవర్ల మీద జరగలేదు. ఆ భారమంతా స్థానిక ఆశా కార్యకర్త నోటి మీదే పడుతోంది. ఆమె జీతానికి రాసిన పనుల్లో అనువాదం లేదు, చేసేది మాత్రం ముందు అదే.

భాషతో పాటు క్యాలెండర్ కూడా కలవాలి. మలేరియా దోమల కోసం ఏటా ఇళ్ల లోపలి గోడలకు మందు కొడతారు. దోమ ఆ గోడ మీద వాలి చావాలంటే మందు పొర నెలల తరబడి అలాగే ఉండాలి. పండగ వస్తే మట్టి గోడలు అలకడం ఆచారం. సవర ఇళ్లలో కొన్నిచోట్ల ఆ గోడ మీద పిండితో బొమ్మలు వేస్తారు. మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు ఉండే ఆ చిత్రాలు అలంకారం కోసం పుట్టినవి కాదు. జబ్బు పోవాలని, పోయినవాళ్లను తలుచుకోవాలని వేసినవని ఎల్విన్ వివరించాడు. మందు కొట్టిన వారానికి పండగ వస్తే జబ్బు పోవాలని అలికిన మట్టి కిందే దోమల మందు పూడిపోతుంది. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. పండగ తేదీ కనుక్కుని ఆ తర్వాత మందు కొడితే సరిపోతుంది. అది ఊరి పెద్దను ఒక్క మాట అడిగితే తెలిసే సంగతి.

భూమి: ఎవరి మాట చెల్లుతుందన్నది

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చాండ్లర్, లాలోండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1987-92 మధ్య ఆదివాసీ యువత ఆత్మహత్యలను సముదాయాల వారీగా పరిశీలించారు. కొన్ని సముదాయాల్లో ఆత్మహత్యలు జాతీయ సగటుకు ఎన్నో రెట్లు ఉంటే, సగానికి పైగా సముదాయాల్లో ఒక్కటి కూడా లేదు. తేడా ఎక్కడుందని వెతికితే స్వపరిపాలన, భూమి హక్కుల కోసం పోరాటం, బడి, వైద్యం, రక్షణ సేవల మీద సొంత అదుపు, సాంస్కృతిక కేంద్రాలు అనే ఆరు గుర్తులు తేలాయి. ఆరూ ఉన్న చోట ఆ కాలంలో యువత ఆత్మహత్యలు లేవు. 1998లో వచ్చిన ఈ పరిశోధన కారణాన్ని రుజువు చేయలేదు, సంబంధాన్ని మాత్రమే చూపింది. అయినా ఆరింటిలో అయిదు పాలనకు చెందినవే కావడం ఆలోచించాల్సిన విషయం. పాటలు, ఆటలు ఒక్కటే సంస్కృతి అనుకుంటే ఆ జాబితా అర్థం కాదు.

మన దగ్గర దీనికి దగ్గరగా ఉన్నవి షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పీసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం. రెండో చట్టంలో సామూహిక హక్కులున్నాయి, సంప్రదాయ పరిజ్ఞానం మీద హక్కు ఉంది, బలహీన సమూహాలకు ఆవాస హక్కు ఉంది. జనం నోట మాత్రం ఆ చట్టం అంటే పోడు పట్టా, అదీ ఒక్కొక్కరి పేరు మీద ఇచ్చేది. అడ్డాకులు, కరక్కాయ, చింతపండు, మందు మొక్కలు దొరికే అడవి ఎవరి పట్టాలోనూ ఉండదు. అది ఊరందరిదీ అయితేనే వైద్యానికైనా తిండికైనా పనికొస్తుంది.

కీడు చేసేవాటిని దాచకూడదు

పాము కాటుకు మంత్రం వేయించి రాత్రంతా గడపడం, పసికందు కడుపు ఉబ్బితే వాతలు పెట్టడం, కామెర్లకు తెలియని పసర్లు తాగించడం వల్ల ప్రాణాలు పోతాయి. వీటికి సంస్కృతి పేరుతో మినహాయింపు ఇవ్వడం ఆదివాసీల పట్ల గౌరవం అనిపించుకోదు. పాము కాటుకు విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే మందు.

మద్యం విషయం ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. జీలుగు కల్లు సవరల పూజలో, పెళ్లిలో, చావులో భాగం. పదిమంది మధ్య, పనిలేని వేళ, ఆకు దొప్పలో పోసుకుని తాగేది. కొనుక్కునే సారా అలా కాదు. దానికి వేళ లేదు, పెద్దల అదుపు లేదు. తాగడం పాత ఆచారమే అయినా దాన్ని పట్టి ఉంచిన కట్టు మాత్రం సారాతో పాటు రాలేదు.

హాని చేసే అలవాటు ఒక్క కొండ మీదే ఉందనుకోవడం కూడా పొరపాటు. శ్రీకాకుళం మైదానంలో, తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ తరతరాల అలవాటు. 1960, 70లలో టాటా పరిశోధన సంస్థకు చెందిన నిపుణులు ఈ జిల్లా గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించారు. అడ్డపొగకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ప్రపంచం ముందు పెట్టినవాటిలో ఆ పరిశీలన ముఖ్యమైనది. తర్వాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో వేలమందితో ఏళ్ల తరబడి మాట్లాడి, నచ్చజెప్పి, మళ్లీ మళ్లీ పరీక్షలు చేశారు. పొగాకు వాడకం తగ్గింది, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలూ తగ్గాయి. ఆచారం రాతి మీద గీత కాదని, మనిషిని తక్కువ చేయకుండా చెప్తే మారుతుందని ఈ జిల్లాలోనే రుజువైంది.

ముందున్నది: వరుసలు కలిపే చోట సికిల్ సెల్

2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలన్నది లక్ష్యం. అదే ఏడాది నవంబరు 15న పీఎం జన్‌మన్ పథకం కూడా వచ్చింది. కొండ సవరల వంటి సమూహాలకు రోడ్లు, ఇళ్లు, సంచార వైద్య వాహనాలు అందులో ఉన్నాయి.

సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. దాని కథ కొండతో ముడిపడినదే. తల్లి నుంచో తండ్రి నుంచో ఆ జన్యువు ఒక్కటే వచ్చినవాళ్లకు, అంటే వాహకులకు, ఫాల్సిపేరం మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. అందుకే మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఆ జన్యువు తరాల తరబడి నిలిచిపోయింది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం బిడ్డకు జీవితాంతం నొప్పి, రక్తహీనత. తల్లీతండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో ఆ ప్రమాదం నాలుగింట ఒక వంతు. మేనరికాలు ఎక్కువగా ఉన్న చోట ఇద్దరు వాహకులు కలిసే అవకాశం పెరుగుతుంది.

పరీక్ష చేయడం ల్యాబ్ పని. ఆ ఫలితాన్ని బట్టి పెళ్లి కుదర్చడమో ఆపడమో ల్యాబ్ పని కాదు. కార్డు తెలుగులో ఉండి, దాన్ని ఇచ్చినవాళ్లు రెండు నిమిషాల్లో వెళ్లిపోతే అది సంచిలో ఆధార్ కార్డు పక్కన ఉండిపోతుంది. అంతకంటే చెడు కూడా జరగొచ్చు. వాహకురాలైన పిల్లకు ‘జబ్బు పిల్ల’ అనే పేరు పడి సంబంధాలు రాకుండా పోవచ్చు, ఒంట్లో ఏ బాధా లేకపోయినా. ఎవరింటి పిల్లను ఎవరింటికి ఇవ్వాలో కొండ మీద పెద్దలు కూర్చుని మాట్లాడతారు. వరుస కుదిరిందా, పాత తగాదాలున్నాయా, ఎవరెవరు ఏం పెట్టుకోవాలి అన్నవన్నీ అలా కూర్చున్న చోటే తేలతాయి. ఇద్దరి కార్డులు పక్కపక్కన పెట్టి చూడటం కూడా ఆ మాటల్లోకి రావాలంటే, ముందుగా ఆ పెద్దలతో, ఎజ్జోడితో, ఊరి ఆడవాళ్లతో వాళ్ల భాషలో కూర్చుని మాట్లాడాలి. ఒక్క పూటలో తేలేది కాదు, ఒకటి రెండు సంతలు పట్టొచ్చు.